ఆకాశయోధుల గురుశిష్య పరంపర

యుద్ధవిమాన చోదకుడనగానే ప్రాణమును లెక్కచేయని తెంపరి యొకడు మన మనస్సులో మెదలును. చలనచిత్రములు, కథలు ఈ భావమును స్థిరపరచినవి. కాని మొదటి ప్రపంచయుద్ధమున ఈ వృత్తి పుట్టిననాటి చరిత్రను పరిశీలించినచో వేరొక మనిషి కనబడును. ఆతడు జాగరూకుడు, ఓపిక గలవాడు, తన భయమును తానెరిగినవాడు.

1916లో ఆస్వాల్డ్ బోల్కె అను జర్మను వైమానికుడు తన శిష్యుల కొరకు ఎనిమిది సూత్రములను కూర్చెను. సూర్యుని వీపువెనుక నుంచుకొనవలెను. మిక్కిలి చేరువకు రానిదే తుపాకి ప్రేల్చరాదు. శత్రుభూమిపై నున్నపుడు తిరుగుదారిని మరువరాదు. ఒకే శత్రువుపై ఇరువురు పడరాదు. వీనిలో వీరాలాపము మచ్చునకైనను లేదు. ఉన్నదంతయు లాభనష్టములను బేరీజు వేసికొను వర్తకుని బుద్ధియే. ఆ సంవత్సరమే అక్టోబరు 28న బోల్కెయు, ఆతని సహచరుడొకడును ఒకే శత్రువిమానమును తరుముచుండగా, వారి విమానములు రెండును ఒరసికొనెను. బోల్కె మరణించెను.

ఆతని శిష్యుడు రిఖ్టోఫెన్. 80 విజయములు సాధించిన ఈ యోధుడు సూత్రములను పాటించుటలో గురువును మించినవాడని పేరు. అట్టివాడు 1918 ఏప్రిల్ 21న ఒక కొత్త చోదకుని వెంబడించుచు, శత్రుపంక్తులపై మిక్కిలి తక్కువ ఎత్తున చాలదూరము పోయి నేలకొరిగెను. ఆ గుండు ఎవరిదన్న వివాదము నేటికిని తీరలేదు.

కార్యాలయములలో నిబంధనలను విసుగుకొననివారు మనలో అరుదు. మనము నిబంధన తప్పినచో ఒక మెమోతో సరిపోవును. అక్కడ ఒక్క నిమిషము మరచినను దిద్దుకొనుటకు మరునాడు ఉండదు.

బ్రిటిషువారి పక్షమున ఎడ్వర్డ్ మానక్ కథ మరింత ఆలోచింపజేయును. 1917 ఏప్రిలులో 40వ స్క్వాడ్రన్‌లో చేరిన తొలిదినములలో ఆతడు పోరునకు వెనుకాడుచున్నాడని తోటివారు గుసగుసలాడిరి. ఆతడు వాదమునకు దిగక, గురిచూచి కాల్చుటను పట్టుదలతో అభ్యసించెను. మండుచున్న విమానములో చిక్కుకొందునేమో యను భయము ఆతనిని చివరివరకు వీడలేదు. ఆ యుద్ధకాలమున బ్రిటిషు యుద్ధవిమాన చోదకులకు పారాచూట్లు ఇయ్యలేదు. మంటలకన్న తుపాకిగుండే మేలని మానక్ వెంట ఒక రివాల్వరు ఉంచుకొనెడివాడు. అయినను ప్రతి ఉదయము ఎగిరెడివాడు. ఈ భయమును మోయుచు ఎగురుటయే అసలు ధైర్యమని నాకు తోచును.

మానక్ వద్ద పాఠములు నేర్చినవాడు జార్జి మెకెల్‌రాయ్. ఆ మెకెల్‌రాయ్ నాయకత్వమున 1918 జూనులో అదే స్క్వాడ్రన్‌లో చేరినవాడు మన కలకత్తాలో 1898 డిసెంబరు 2న జన్మించిన ఇంద్రలాల్ రాయ్. అంతకు ముందు, 1917 డిసెంబరులో ఆతని విమానము కూలెను. చనిపోయినాడని తలచి శవములతో చేర్చగా, స్పృహవచ్చి తలుపు బాదెనని చెప్పుదురు. విమానము నడుపుటకు తగడని వైద్యులు త్రోసిపుచ్చిరి. ఆ బాలుడు ఊరకుండక, అధికారులను బతిమాలి, మరల పరీక్షకు నిలిచి నెగ్గెను. జులై 6 మొదలు 19 వరకు పది విజయములు ఆతని లెక్కలో చేరినవి. జులై 22న కార్విన్ ప్రాంతమున జర్మను ఫోకర్ విమానములతో పోరాడుచు కూలిపోయెను. అప్పటికి ఇరువది ఏండ్లు నిండలేదు. ఆ సెప్టెంబరులో డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకము ఆతనికి మరణానంతరము లభించెను. భారతీయులలో దానిని పొందిన మొదటివాడు ఆతడే.

కూలిన శత్రువును నేలవరకు వెంబడించరాదని మానక్ శిష్యులకు పదేపదే బోధించెడివాడు. రాయ్ పడిన నాలుగవనాడు, జులై 26న, ఒక నూతన చోదకునికి తోడుగా వెళ్లిన ఆ గురువే, తాము కూల్చిన విమానమును చూచుటకు క్రిందికి దిగెను. నేలపైనుండి వచ్చిన తుపాకిగుండ్లకు ఆతని విమానము అంటుకొనెను. మరి అయిదు దినములకు, జులై 31న, మెకెల్‌రాయ్ కూడ నేలనుండి వచ్చిన కాల్పులకే బలి అయ్యెను. గురువు, శిష్యుడు, ప్రశిష్యుడు పది దినములలో పోయిరి.

ఫ్రాన్సులో ఎస్తెవెల్ గ్రామ శ్మశానమున ఇంద్రలాలుని సమాధి ఉన్నది. దానిపై వంగలిపిలో చెక్కిన అక్షరములు కానవచ్చును. 1998లో శతజయంతి సందర్భమున భారత తపాలాశాఖ ఆతని పేర ఒక స్మారక బిళ్లను వెలువరించెను.