మంట చుట్టూ నిలబడ్డ మనుషులు

మందస మండలం హరిపురం మీదుగా సాగే కలకత్తా–మద్రాసు రహదారి, చెన్నై ఇంకాస్త దూరం ఉందనగా షోలవరం చేరుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అక్కడ వేసిన రన్‌వే మీదే మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాలపాటు కార్ల పందేలు నడిపింది. హరిపురం ఉన్న ఈ ఉద్దానం ప్రాంతంలో కూర్చుని చూస్తే ఫార్ములా వన్ పరాయి సంగతే. కానీ పలాస నుంచి జీడిపప్పు లోడుతో బయల్దేరిన లారీ డ్రైవరుకీ, ఆ రేసు డ్రైవరుకీ ప్రాణం మీదికొస్తే ప్రశ్న ఒక్కటే: బండి తిరగబడితే ఎవరొస్తారు, ఎంతసేపటికొస్తారు? 1960, 70లలో ఈ ప్రశ్నకు నిబంధనల కన్నా ఫొటోలే నిజాయితీగా జవాబు చెప్పాయని నా నమ్మకం.

1973 జూలై 29న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో జరిగిన ఫార్ములా వన్ పందెంలో రోజర్ విలియమ్సన్ కారు తలకిందులై అంటుకుంది. వెనకే వస్తున్న డేవిడ్ పర్లీ తన కారు ఆపేసి, ట్రాక్‌కి అడ్డంపడి పరుగెత్తాడు. ఆ నిమిషాల వరుస ఫొటోలకు తర్వాత వరల్డ్ ప్రెస్ ఫొటో బహుమతి వచ్చింది. కారును ఎత్తడానికి పర్లీ ఒక్కడే భుజం పెట్టి తోస్తుంటాడు. దగ్గర్లో మార్షల్స్ ఉన్నారు, కానీ మంటను తట్టుకునే దుస్తులు లేవు, మామూలు బట్టలే. దొరికిన ఒక్క మంటలార్పే సిలిండరూ అయిపోయింది. పక్కనుంచి మిగతా కార్లు దూసుకుపోతూనే ఉన్నాయి; కాలిపోతున్న కారు పర్లీదేననీ, దాని డ్రైవరు బయటపడ్డాడనీ చాలామంది అనుకున్నారు. రేసు ఆగలేదు. విలియమ్సన్ లోపలే ఊపిరాడక చనిపోయాడు.

భద్రత తెచ్చింది ఫొటోలు కాదు, డ్రైవరు జాకీ స్టీవర్ట్ పోరాటం కదా అని ఎవరైనా అడగవచ్చు. బలమైన మాటే. 1966లో స్పా ట్రాక్‌లో పెట్రోలు కారుతున్న కారులో ఇరుక్కుపోయిన స్టీవర్ట్‌ను తోటి డ్రైవర్లు గ్రాహమ్ హిల్, బాబ్ బాండురాంట్ ఎవరి దగ్గరో పానా అడిగి తెచ్చి బయటికి తీశారు. ఆనాటినుంచి అతను బెల్టుల కోసం, కంచెల కోసం, డాక్టర్ల కోసం పోట్లాడాడు. పిరికివాడన్న మాటా పడ్డాడు. అయితే జాండ్‌వోర్ట్ కూడా అలా బాగుచేసిన ట్రాకే. 1972లో అక్కడ పందెం జరగలేదు. మరుసటి ఏడు ఇనుప కంచెలతో తిరిగి తెరిచారు. కంచె వేస్తే కాపాడినట్టు కాదని చూపించింది ఆ ఫొటోలే. మార్పు వెంటనే రాలేదన్నదీ నిజమే: 1976లో నూర్‌బర్గ్‌రింగ్‌లో మంటల్లోంచి నికీ లౌడాను లాగింది కూడా తోటి డ్రైవర్లే. మొదటి ల్యాప్‌లో కార్ల వెనకే డాక్టరు కారు వెళ్లే పద్ధతి 1978లో మోంజాలో రోనీ పీటర్సన్ ప్రమాదం తర్వాతగానీ రాలేదు.

ఇంకో అభ్యంతరం మరింత లోతైనది. ప్రమాదాన్ని అందంగా చూపి అమ్మింది కూడా కెమెరాయే. 1957 మిల్లే మిలియా కార్ల పందెంలో ఫొటోగ్రాఫర్ లూయీ క్లెమంటాస్కీ, డ్రైవరు పీటర్ కాలిన్స్ నడిపిన ఫెరారీలో పక్కసీట్లో కూర్చుని మరీ ఫొటోలు తీశాడు. అదే పందెంలో డ్రైవరు పోర్టాగో, అతని సహచరుడు నెల్సన్, వారితోపాటు తొమ్మిదిమంది ప్రేక్షకులు చనిపోయారు. దీన్ని కాదనలేను. కానీ ఆ కాలపు అందమైన ఫొటోల్నే మళ్లీ చూడండి: పొట్టిచేతుల చొక్కాలు, బెల్టు లేని సీట్లు, ట్రాక్ అంచునే చెట్లు, గడ్డిమోపులు. 1967లో మొనాకోలో లోరెంజో బాండినీ కారు మంటలకు ఆజ్యం పోసింది ఆ గడ్డే. అందం కోసం తీసిన ఫొటోయే, తీసినవాడు అనుకోకుండానే, సాక్ష్యమైంది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్లు పరుగెత్తాయి. డ్రైవరు తల చుట్టూ హేలో చట్రం, ట్రాక్‌కి రెండువైపులా కాంక్రీటు గోడలు, వాటిపైన ఇనుప వల. ఇలాంటి వీధి ట్రాకుల్లో ఆ వలకే అక్కడక్కడా చిన్న కంతలు వదులుతారు. గోడ వెనక నిలబడ్డ ఫొటోగ్రాఫర్ లెన్సు పెట్టేది అందులోంచే.