నడిసంద్రంలో డ్రగ్స్ వేట: నేవీ హెలికాప్టర్ ఏం చేస్తుంది? ఎంతసేపు ఎగరగలదు? దాని లిమిట్స్ ఏంటి?

పెద్దారవీడు నుంచి కొత్తపట్నం బీచ్‌కు వెళ్లాలంటే రోడ్డు మీద వంద కిలోమీటర్ల పైనే. బస్సులు మారుతూ వెళ్తే సగం రోజు అందులోనే పోతుంది. అదే దూరాన్ని నేవీ హెలికాప్టర్ అరగంటలోపే దాటేస్తుంది. సముద్రంలో డ్రగ్స్ బోట్లను పట్టుకోవడంలో అసలు కీలకం ఈ అరగంటే. పశ్చిమ ప్రకాశానికి సముద్రం లేదు కదా, మనకెందుకు ఈ గొడవ అనుకోవద్దు. సముద్రం మీద తప్పించుకున్న సరుకు రోడ్డెక్కిందంటే దానికి ఊరు, జిల్లా అనే తేడా ఉండదు.

అసలు ఈ ఆపరేషన్లు ఎలా జరుగుతాయి? హెలికాప్టర్ సత్తా ఎంత? వివరంగా చూద్దాం.

తర్కష్ ఆపరేషన్‌లో ఏం జరిగింది?

2025 మార్చి 31. హిందూ మహాసముద్రం పశ్చిమ భాగంలో మన యుద్ధనౌక ఐఎన్ఎస్ తర్కష్ గస్తీలో ఉంది. అనుమానాస్పద బోట్లు తిరుగుతున్నాయంటూ నేవీ పీ-8ఐ నిఘా విమానం నుంచి సమాచారం వచ్చింది. తర్కష్ రూటు మార్చుకుని అటు వెళ్లింది. చుట్టుపక్కల బోట్లను ఒక్కొక్కటిగా ప్రశ్నించింది. చివరికి ధౌ అనే చెక్క పడవను ఆపింది. ఈలోగా నౌక మీదున్న హెలికాప్టర్ గాల్లోకి లేచి ఆ బోట్ల కదలికలపై కన్నేసింది. ఇంకా ఎవరైనా ఉన్నారా అని వెతికింది. మెరైన్ కమాండోలు, అంటే మార్కోస్, బోర్డింగ్ టీమ్‌తో కలిసి పడవ ఎక్కారు. 2,386 కిలోల హషీష్, 121 కిలోల హెరాయిన్ దొరికాయి.

ఇందులో ఎవరి పని వాళ్లదే. విమానం దూరం నుంచి కనిపెడుతుంది. హెలికాప్టర్ దగ్గరకెళ్లి చూస్తుంది, వదలకుండా వెంట ఉంటుంది. పడవ ఎక్కి సోదా చేసేది మాత్రం మనుషులే.

పైనుంచి చూస్తే ఎంత తేడా?

భూమి గుండ్రంగా ఉండటం వల్ల సముద్రంలో చూపు ఎక్కువ దూరం ఆనదు. నీటికి 10 మీటర్ల ఎత్తున డెక్ మీద నిలబడి చూస్తే కనిపించేది సుమారు 11 కిలోమీటర్లే. 300 మీటర్ల ఎత్తున ఎగిరే హెలికాప్టర్‌కు ఆ హద్దు దాదాపు 62 కిలోమీటర్లు. అంటే నౌక తన కంటిచూపును ఐదారు రెట్లు పెంచుకున్నట్టే. దీనికి రాడార్, రాత్రిళ్లు వేడిని బట్టి బొమ్మ చూపించే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా తోడవుతాయి. చీకట్లో లైట్లు ఆర్పేసి వెళ్లే బోటు కూడా ఇంజిన్ వేడితో దొరికిపోతుంది.

స్పీడ్ లెక్క ఇదీ

యుద్ధనౌక గరిష్ఠంగా సుమారు 30 నాట్లు, అంటే గంటకు 55 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. స్మగ్లర్ల స్పీడ్ బోటు 40 నాట్లు, అంటే 74 కిలోమీటర్లతో పారిపోతే నౌకకు ఎప్పటికీ చిక్కదు. హెలికాప్టర్ సంగతి వేరు. బోటు 100 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. గంటకు 240 కిలోమీటర్లతో వెళ్తే 36 నిమిషాల్లో దాని నెత్తిమీద ఉంటుంది.

కానీ ఈలోపు బోటు ఇంకో 44 కిలోమీటర్లు ముందుకెళ్లిపోయింది. నౌక ఉన్నచోటే ఉంటే తిరిగి రావడానికి మరో 36 నిమిషాలు. మూడు గంటల ఇంధనం ఉంటే అందులో గంటా పన్నెండు నిమిషాలు రానూపోనూకే ఖర్చు. అత్యవసరానికి కొంత పక్కన పెట్టాలి. బోటు మీద నిఘా పెట్టడానికి మిగిలేది గంటన్నరే. ఆలోపు నౌక దగ్గరకు రావాలి, లేదా ఇంకో హెలికాప్టర్ డ్యూటీ అందుకోవాలి.

దీనికి నేవీల దగ్గర ఒక ఉపాయం ఉంది. నౌక మీద దిగకుండానే, పక్కనే గాల్లో నిలబడి, డెక్ నుంచి పైపును వించ్‌తో పైకి లాగి ఇంధనం నింపుకునే పద్ధతి. కింద అలలు, పైన గాలి, మధ్యలో పైపు. పైలట్‌కు ఇది పెద్ద పరీక్షే.

మన దగ్గర ఏ హెలికాప్టర్లున్నాయి?

ఏఎల్‌హెచ్ ధ్రువ్ మార్క్-3: హెచ్ఏఎల్ తయారీ. రెండు శక్తి ఇంజిన్లు, సముద్ర నిఘా రాడార్, కెమెరా, తలుపు దగ్గర హెవీ మెషిన్ గన్ ఉంటాయి. విశాఖ ఐఎన్ఎస్ డేగాలో ఈ హెలికాప్టర్ల స్క్వాడ్రన్ ఐఎన్ఏఎస్ 324 2022 జులై 4న మొదలైంది. 2024 సెప్టెంబర్ విజయవాడ వరదల్లో సహాయానికి వచ్చిన నేవీ హెలికాప్టర్లు గుర్తున్నాయి కదా? అవి వచ్చింది విశాఖ నుంచే.

ఎంహెచ్-60ఆర్ సీహాక్: అమెరికా తయారీ. 24 హెలికాప్టర్లకు 2020లో ఒప్పందం కుదిరింది. తొలి స్క్వాడ్రన్ 2024 మార్చి 6న కొచ్చిలో నేవీలో చేరింది. అసలు పని జలాంతర్గాముల వేట. దాని రాడార్, కెమెరాలు చిన్న బోట్లను పసిగట్టడానికీ పనికొస్తాయి.

చేతక్: ఒకే ఇంజిన్ ఉన్న పాతతరం చిన్న హెలికాప్టర్. చిన్న నౌకల మీద కూడా దిగగలదు.

కాల్చి ఆపడమా? ముంచేయడమా?

హెలికాప్టర్‌తో బోటును ఆపడంలో అమెరికా కోస్ట్ గార్డ్‌కు ప్రత్యేక దళమే ఉంది. పేరు హిట్రాన్. 1998లో మొదలైంది, బేస్ ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్. వాళ్ల పద్ధతి మెట్లు మెట్లుగా ఉంటుంది. ముందు బోటు పక్కకు వచ్చి ఆగమని హెచ్చరిస్తారు. వినకపోతే ముందు నీళ్లలోకి వార్నింగ్ షాట్లు. అప్పటికీ ఆగకపోతే స్నైపర్ గురి ఇంజిన్ మీదే, మనుషుల మీద కాదు. ఎగురుతున్న హెలికాప్టర్ నుంచి ఎగిరెగిరి పడుతున్న బోటు ఇంజిన్‌ను కొట్టాలి. బోటుకు సమాంతరంగా, అదే వేగంతో, తక్కువ ఎత్తులో పైలట్ నిలకడగా నడపగలిగితేనే అది సాధ్యం.

2025 సెప్టెంబర్ 2 నుంచి అమెరికా సైన్యం మరో దారి పట్టింది. డ్రగ్స్ బోట్లని చెబుతూ కరీబియన్‌లో నేరుగా దాడులు చేసి పేల్చేసింది. మనుషులు చనిపోయారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల చీఫ్ వోల్కర్ టర్క్ దీన్ని తప్పుపట్టారు. ఆపి సోదా చేస్తే సరుకు దొరుకుతుంది, నిందితుడు కోర్టుకు వస్తాడు. పేల్చేస్తే బోటులో ఉన్నది ఎవరో, ఏముందో తేల్చే ఆధారమే మిగలదు.

మన జాలర్లకు దీంతో ఏం సంబంధం?

చాలా ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు గుజరాత్ వెళ్లి బోట్లలో పనిచేస్తారు. 2018 నవంబర్‌లో వాళ్లలో కొందరు పాకిస్థాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలయ్యారు. ‘తండేల్’ సినిమా ఈ ఘటన ఆధారంగా తీసిందే. డ్రగ్స్ ధౌలు తిరిగేది కూడా ఆ అరేబియా సముద్రంలోనే. పైనుంచి చూస్తే చేపల బోటు, సరుకు బోటు ఒకేలా ఉంటాయి. పొరపాటు జరిగితే ఏమవుతుందో 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరంలో చూశాం. సముద్రపు దొంగలనుకుని ఇటలీ నౌక మీది మెరైన్లు కాల్పులు జరిపితే ఇద్దరు మత్స్యకారులు చనిపోయారు.

అందుకే హెలికాప్టర్ సిబ్బంది కిందికి దిగి నంబర్ చూస్తారు. మన బోట్లకు ఐఎన్‌డీ-ఏపీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. వల ఉందా, చేపలున్నాయా, మనుషులు దాక్కుంటున్నారా, సంచులు నీళ్లలోకి విసిరేస్తున్నారా అన్నది గమనిస్తారు. లక్ష చేపల బోట్లకు ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం 2024 ఆగస్టు 30న మొదలైంది. అది అందితే మనవాళ్ల బోటును గుర్తుపట్టడం తేలికవుతుంది.

ఎక్కడ ఆగిపోతుంది?

హెలికాప్టర్‌కు వాతావరణమే పెద్ద శత్రువు. మన పక్కనున్న నల్లమలే సాక్ష్యం. 2009 సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 దట్టమైన మేఘాల్లో చిక్కి కూలిపోయింది. వెతికి పట్టుకోవడానికి దాదాపు ఒక రోజు పట్టింది. సముద్రం మీద అయితే గుర్తు పెట్టుకోవడానికి కొండా, చెట్టూ ఏమీ ఉండవు. రాత్రిపూట నీరేదో ఆకాశమేదో కూడా తెలియదు.

ఎండ కూడా సమస్యే. వేడికి గాలి పలుచబడితే రెక్కలకు పట్టు తగ్గుతుంది, మోసే బరువు తగ్గించుకోవాలి. ఉప్పు గాలికి లోహం తుప్పు పడుతుంది కాబట్టి మంచినీళ్లతో కడుగుతూ ఉండాలి.

ప్రాణాలూ పోతున్నాయి. 2024 సెప్టెంబర్ 2న పోర్‌బందర్ దగ్గర సముద్రంలో సహాయానికి వెళ్లిన కోస్ట్ గార్డ్ ధ్రువ్ కూలి ముగ్గురు చనిపోయారు. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లోనే మరో ధ్రువ్ కూలి ఇంకో ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత దేశంలోని ధ్రువ్‌లన్నిటినీ నిలిపేశారు. అలా నిలిపేస్తే నిఘాలో ఒక కన్ను మూసినట్టే. ఆ లోటును విమానాలు, నౌకలే పూడ్చాలి. 2024 నవంబర్‌లో అండమాన్ సముద్రంలో 5,500 కిలోల మెథాంఫెటమిన్‌తో వెళ్తున్న మయన్మార్ బోటును మొదట చూసింది కూడా కోస్ట్ గార్డ్ డోర్నియర్ విమానమే.

మీ ఊళ్లో కనిపిస్తే?

గంజాయి, డ్రగ్స్ సమాచారం ఉంటే ఏపీ పోలీస్ ఈగల్ టోల్ ఫ్రీ నంబర్ 1972కు, లేదా జాతీయ హెల్ప్‌లైన్ మానస్ 1933కు కాల్ చేయొచ్చు.