పేరు కలిస్తే చాలదు

అమీర్‌పేటలో సి నేర్చుకున్న మా బ్యాచ్‌కి ప్రోగ్రామంటే ఒకే ఫైలు. టర్బో సి నీలం తెర, ఫంక్షన్లన్నీ అందులోనే, కంట్రోల్ ఎఫ్9 కొడితే అవుట్‌పుట్. కెర్నిఘన్, రిచీల పుస్తకం 1988 కూర్పు, నాలుగో అధ్యాయంలో ఒక క్యాలిక్యులేటర్‌ని ఫైళ్ళుగా విడగొట్టి చూపిస్తుంది. ఆ పుస్తకం మా బ్యాగుల్లో ఉండేది. ఆ పేజీల దాకా మేం వెళ్ళలేదు.

మాదాపూర్‌లో మొదటి ఉద్యోగంలో వడ్డీ లెక్కగట్టే ఫంక్షన్ రాశాను. డబుల్ ఇస్తుంది. నా ఫైలు కంపైలయింది. దాన్ని పిలిచే ఫైలూ అయింది. లింకర్ రెండిటినీ కలిపేసింది. జవాబు మాత్రం చెత్త. రాత్రంతా ఫార్ములానే అనుమానించాను. పొద్దున పక్క సీటు సీనియర్ ఒక్కటే అడిగాడు: "తమ్ముడూ, నీ ఫంక్షన్‌ని ఒక్కదాన్నే పిలిచి చూసినవా?"

పది లైన్ల మెయిన్ ఒకటి విడిగా రాశాను. వెయ్యి రూపాయలు, 10 శాతం, ఏడాది: వంద రావాలి, వచ్చింది. సున్నా అసలు, సున్నా వడ్డీ కూడా సరిగ్గానే వచ్చాయి. అంటే తప్పు ఫంక్షన్‌లో లేదు, అతుకులో ఉంది. పిలిచే ఫైల్లో హెడర్ చేర్చలేదు. డిక్లరేషన్ కనబడకపోతే, ఆ ఫంక్షన్ ఇంట్ ఇస్తుందని కంపైలర్ ఊహించేసుకుంటుంది. హెచ్చరిక కూడా ఇచ్చింది. నేనే చూడలేదు.

ఈ ఊహ సి పుట్టిననాటిది. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సి తయారుచేస్తున్నప్పుడు పీడీపీ-11 మెమరీని కిలోబైట్లలో లెక్కపెట్టుకునేవారు. కంపైలర్ ఒకసారికి ఒక ఫైలే చూసేది. లింకర్ పేర్లు కలుపుతుందే గానీ, రకాలు కలిశాయో లేదో చూడదు. ఫైళ్ళ మధ్య ఆ తనిఖీ కోసం అక్కడే స్టీవ్ జాన్సన్ లింట్ రాశాడు. 1989 ఆన్సీ ప్రమాణం ప్రోటోటైపులు తెచ్చింది, కానీ పాత ఊహని ఉండనిచ్చింది. 1999 ప్రమాణం దాన్ని తీసేసింది. జీసీసీ మాత్రం చాలాకాలం హెచ్చరికతో సరిపెట్టి, 2024లో 14వ వెర్షన్‌తో గానీ దాన్ని ఎర్రర్ చెయ్యలేదు.

సైబర్ టవర్స్ తెరుచుకున్నది 1998లో. ఆ మరుసటేడే రద్దయిన ఊహ, పదేళ్ళు దాటాక కూడా అక్కడికి దగ్గర్లోనే నా నిద్ర తినేసింది.

విడిగా టెస్ట్ చేస్తే తప్పు ఎక్కడ లేదో తెలుస్తుంది. సగం రాత్రి అక్కడే మిగులుతుంది. ఇప్పుడు కొత్తవాళ్ళెవరైనా "పనిచేస్తలేదన్నా" అని వస్తే, నేనూ ముందు ఆ ప్రశ్నే అడుగుతున్నాను.