షోలాపురపు నేతపేటలలో స్వతంత్రవృత్తి, పన్ను లెక్కలు

షోలాపుర నగరపు తూర్పుభాగమున సాఖర్‌పేట, దాజీపేట, అశోక్ చౌకు ప్రాంతములలో మరాఠీతోపాటు తెలుగును, ఆ రెంటిని మించి మగ్గముల చప్పుడును వినవచ్చును. ఏటేట శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయ మహర్షి రథము కదలునపుడు ఈ పేటల పద్మశాలి కుటుంబములు వీథులలోనికి వచ్చి నిలుచును. ఈ జనుల వలసకథ తెలిసినదే. కూలినేతగాడు సొంత మగ్గమునకు యజమాని యగునపుడు ప్రభుత్వపు లెక్కలలో ఎవరి పేరు చేరెను, ఎవరి పేరు చేరలేదు అను ప్రశ్నయు విచారింపదగినది.

కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము మండలముల నుండి నేతకుటుంబములు 19వ శతాబ్దమున షోలాపురము చేరనారంభించెను. ఆ మండలములు నాడు నిజాము రాజ్యములోనివి. 1860లో రైలుమార్గము ఈ పట్టణమునకు వచ్చెను; 1870 దశాబ్దమున నూలుమిల్లు వెలసెను. మిల్లు నూలు చేరువనే దొరకుటయు, నేసిన చీరలను రైలుపై దూరపు సంతలకు పంప వీలగుటయు ఈ వలసకు ముఖ్యకారణములు. 1876-78 నాటి క్షామము దక్కను పల్లెలలో బట్ట కొనువారిని లేకుండ జేసి, అనేకులను పట్టణములకు తరిమెను.

తెలుగు నేతగానికి పన్ను క్రొత్త కాదు. ఆంధ్రజిల్లాలలో కంపెనీ కాలమున మొతర్ఫా అను పన్ను మగ్గమునకింత యని వసూలగుచుండెను. ఇంట మగ్గమున్న చాలును, పన్ను పడెడిది. 1860లో వచ్చిన ఆదాయపు పన్ను తీరు వేరు. అది మనిషి రాబడిని లెక్కించునది. క్షామము వెనువెంటనే 1878లో బొంబాయి రాజధానిలో వృత్తివ్యాపారములపై లైసెన్సు పన్ను విధింపబడెను. 1886 నాటి ఆదాయపు పన్ను చట్టము ఏటికి 500 రూపాయలకు లోబడిన రాబడిని విడిచిపెట్టెను. కూలినేతగాని రాబడి ఆ మేరకు చేరునది కాదు. కావున ఆ దస్త్రములలో కెక్కదగినవి నూలు నిచ్చి బట్ట తీసికొను సావుకారుల పేళ్లును, కార్ఖానాదారుల పేళ్లును మాత్రమే.

ఈ కార్ఖానాలు షోలాపుర నేతకు ప్రత్యేకలక్షణము. ఒకే కప్పు క్రింద పలు చేమగ్గము లుండెడివి; నేతగాని కుటుంబము తరచుగా అచ్చటనే కాపురముండెడిది. ముందుగా పుచ్చుకొన్న సొమ్ము తీరువరకు యజమానిని విడుచుట కష్టము. పూనా గోఖలే సంస్థ 1947లో ప్రకటించిన ఆర్. జి. కాకడే గారి గ్రంథము షోలాపుర నేతకులముల ఆర్థిక, సాంఘిక స్థితిని పరిశీలించినది.

స్వతంత్రవృత్తికి మూడు మెట్లు గలవు: మగ్గము తనదగుట, నూలు తనదగుట, బట్టను తాను కోరినవారికి అమ్ముకొనగలుగుట. మొదటి మెట్టెక్కి, నూలుకొరకు సావుకారునే ఆశ్రయించువాడు ఆసామి. సిరిసిల్ల మరమగ్గములవారిలో ఈ మాట నేటికిని వాడుకలో నున్నది. ఆసామికి యజమాని యను పేరు వచ్చును గాని, ధర నిర్ణయించు శక్తి రాదు.

మరమగ్గములు పెరిగిన పిమ్మట పేరు వ్రాయించుకొనుట తప్పనిసరి యయ్యెను. 1948 నాటి నూలువస్త్ర నియంత్రణపు ఉత్తరువు మరమగ్గములకు అనుమతి విధించెను. ఎక్సైజు సుంకము విషయమున మాత్రము 1950 దశాబ్దమున నాలుగు మగ్గముల వరకు గలవారికి మినహాయింపు లభించెను. చిన్నవానిని కాపాడుటకై వచ్చిన ఈ మినహాయింపు మరియొక ఫలము నిచ్చెను. దేశమందలి మరమగ్గపు కేంద్రములలో కార్ఖానాలు కాగితముపై చీలిపోయెను. అన్న పేర నాలుగు మగ్గములు, తమ్ముని పేర నాలుగు, ఇల్లాలి పేర నాలుగు. 1964లో నివేదిక సమర్పించిన అశోక మెహతా సంఘము ఈ విభజనను గుర్తించినది. ఒక పొయ్యిపై వండుకొనువారు సర్కారు లెక్కలో ముగ్గురు యజమానులైరి. ఇల్లాలి పేర మగ్గమున్నను అమ్మకపు సొమ్ము ఆమె చేతికి రాకపోవచ్చును. అన్నదమ్ములు వేరుపడునాడు మాత్రము ఆ కాగితమే హక్కునకు సాక్ష్యమగును. పన్నుకొరకు వ్రాసిన పేరు పంపకమునకు అడ్డువచ్చుట ఇట్లు సంభవించును.

నేడు స్వయముగా వృత్తి నారంభించువాని మొదటి గుర్తు పాన్ సంఖ్య. దానికి పది స్థానములు. నాలుగవ అక్షరము హోదాను తెలుపును: వ్యక్తి యైన పి, భాగస్వామ్యసంస్థ యైన ఎఫ్, అవిభక్త హిందూ కుటుంబమైన హెచ్. వ్యక్తి విషయమున ఐదవది ఇంటిపేరు మొదటి అక్షరము. తెలుగువారు ఇంటిపేరును ముందు వ్రాయుదురు, తరచుగా ఒక్క అక్షరముతో సరిపెట్టుదురు. మహారాష్ట్రమున అది చివర వచ్చును. పాన్ దరఖాస్తులో పొడి అక్షరములు చెల్లవు. పాఠశాల పత్రమున ఒక తీరు, ఆధారులో మరియొక తీరు వ్రాయించుకొన్నవానికి బ్యాంకువద్ద చిక్కు తప్పదు. కావున పేరు అన్నిటను ఒకే తీరుగ నుండవలెను. సంఖ్య లేకుండుటయు నష్టమే. 1961 చట్టము క్రింద పన్ను పట్టుకొనవలసిన వ్యాపారి, కూలినేత చేసిన వ్యక్తికిచ్చు సొమ్ములో వందకు 1 రూపాయి పట్టుకొనెడివాడు. పాన్ చూపనిచో 2010 ఏప్రిల్ 1 నుండి వందకు 20 పట్టుకొనవలసివచ్చెను.

2017 జూలై 1న వచ్చిన వస్తుసేవల పన్ను పైన జెప్పిన మూడు మెట్లను చట్టములోనికే తెచ్చెను. ఒకరి నూలు నేసి యిచ్చుట సేవ. దానికి ఏటి మొత్తము 20 లక్షలు దాటినగాని నమోదు అక్కరలేదు. తన నూలు నేసి అమ్ముట సరకు. 2019 ఏప్రిల్ 1 నుండి మహారాష్ట్రమున ఆ హద్దు 40 లక్షలు. మగ్గ మదియే, చేయి అదియే. నూలు ఎవరిదను దానినిబట్టి లెక్క మారును. అంతకంటె ముఖ్యమైన నియమ మొకటి కలదు. పన్ను పడు సరకును వేరు రాష్ట్రమున కమ్మువాడు మొదటి రూపాయి నుండియే నమోదు కావలెను. చేనేత వంటి కొన్ని చేతివృత్తుల సరకులకే మినహాయింపు. షోలాపుర మరమగ్గపు దుప్పటిని కరీంనగరములోని బంధువు దుకాణమునకు అమ్మదలచినవాడు చిన్నవాడైనను ఈ సంఖ్యను పొందవలసినదే. తాతలు దాటివచ్చిన సరిహద్దు మనుమని లెక్కలలో మరల కనబడినది.

ఈ పేటలలో బీడీలు చుట్టు తెలుగు స్త్రీల కథ దీనికి భిన్నము. 1966 నాటి బీడీ కార్మికుల చట్టము, 1976 నాటి సంక్షేమనిధి చట్టము వారిని కార్మికులుగా గుర్తించెను. గుర్తింపుకార్డు మూలమున వైద్యము, పిల్లలకు విద్యార్థివేతనము, గృహసహాయము వారు కోరగలిగిరి. ఇంటనే పనిచేయు స్త్రీకి కార్డు హక్కునిచ్చినది. ఆసామికి సంఖ్య మొదట బాధ్యతనే తెచ్చినది. 2020 జూలై 1న ఆరంభమైన ఉద్యమ్ నమోదు రుసుము లేకుండ చిన్న పరిశ్రమకు గుర్తింపునిచ్చుచు, అప్పు పుట్టుటకు కొంత ఆధార మగుచున్నది.

మినహాయింపులు చిన్న నేతగానిని పన్నునుండి కాపాడెను. దానితోపాటు అతని పేరును దస్త్రములకు దూరముగ నుంచెను. క్రొత్తగా మగ్గము పెట్టు యువకుడు పని ఎవరిదో వారి పేరనే నమోదు చేయించుట, నూలుచీటీలను అమ్మకపు చీటీలను భద్రపరచుట మేలు. రెండవ, మూడవ మెట్లు ఎక్కునాటికి అతడు చూపవలసిన సాక్ష్యము లవియే.