సంత పోయింది, ఊరు మిగిలింది

పారిస్‌లోని గార్ ద లెస్ట్ స్టేషన్లో పి లైను రైలెక్కితే గంటన్నర లోపే మా ప్రొవాన్ వస్తుంది. అదే ఆఖరి స్టేషను. ఎండాకాలం శని, ఆదివారాల్లో రైలు నిండా జనం దిగుతారు. దిగినవాళ్లు దిగినట్టే గుట్ట మీది పైఊరికి పరుగు తీస్తారు. కోటగోడ దగ్గర ఫొటోలు దిగి, డేగల ఆటా గుర్రాల మీద కత్తిసామూ చూసి, గులాబీ జామ్ సీసా ఒకటి సంచిలో వేసుకుని సాయంత్రానికి వెళ్లిపోతారు. తప్పు పట్టడం లేదు, మా చుట్టాలూ వచ్చినప్పుడు అదే చేస్తారు. కానీ ఈ ఊరిని నిలబెట్టింది కత్తి పట్టినవాళ్లు కాదు, తక్కెడలు పట్టినవాళ్లు.

12, 13 శతాబ్దాల్లో షాంపేన్ కౌంట్ల ఏలుబడిలో ఏడాదికి ఆరు పెద్ద సంతలు జరిగేవి. లాన్యీలో ఒకటి, బార్-స్యుర్-ఓబ్‌లో ఒకటి, త్రువాలో రెండు, మా ఊళ్లో రెండు. మాకు వేసవి మొదట్లో పైఊరిలో ఒకటి, సెప్టెంబరులో కిందఊరి సెంట్ అయూల్ చర్చి చుట్టూ ఇంకొకటి. సంత అంటే ఒక్క పూట బేరం కాదు, వారాల తరబడి సాగేది. మొదటి రోజులు సరుకు దించుకుని సర్దుకోవడానికే సరిపోయేవి. తర్వాత ఉన్నిబట్టలు, ఆ తర్వాత తోళ్లు, ఆపైన మిరియాలూ అల్లం లాంటి తూచి అమ్మే సరుకులు. చివరి రోజులన్నీ లెక్కలు తేల్చుకోవడానికి. చేతిలో డబ్బు లేనివాడు ఫలానా సంతలో చెల్లిస్తానని పత్రం రాసిచ్చేవాడు. ఇక్కడ ముద్రించిన నాణేనికి ఎంత పరపతి ఉండేదంటే, రోమ్‌లో కూడా దాని నమూనాలో నాణేలు కొట్టుకున్నారు.

కౌంట్ల తెలివి అంతా ఒక్క పూచీలో ఉంది. సంతకు వచ్చే వర్తకుడికి దారిలో రక్షణ తమదేనన్నారు. దానికి తోడు సంత కాపలా అధికారులను పెట్టారు. ఎవడైనా అప్పు ఎగవేస్తే వాడి ఊరి వర్తకులందరినీ సంతకు రానివ్వమని ఆ అధికారులు బెదిరించగలిగేవారు. ఇక సొంత ఊరివాళ్లే వాడి మెడలు వంచి కట్టించేవారు. ఇంచుమించు అదే కాలంలో, 1244లో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును లాక్కునే పాత అలవాటు మానేశామనీ, సుంకం తప్ప మరేమీ తీసుకోమనీ దాని సారం. ఒకరి సంగతి ఒకరికి తెలియకపోయినా, భయం పోగొడితే వర్తకుడు తనంతట తానే వస్తాడని ఇద్దరూ గ్రహించారు.

ఆనాటి బేరసారాలు ఎలా ఉండేవో చూడాలంటే గ్రాంజ్ ఓ దీమ్ అనే రాతి కట్టడంలోకి వెళ్లాలి. లావుపాటి స్తంభాల మీద కమానుల కప్పు, వేసవిలోనూ చల్లగా ఉండే హాలు. చర్చి అధికారులు దీన్ని సంత రోజుల్లో వర్తకులకు అద్దెకిచ్చేవారు. సంతలు తగ్గాక రైతుల దగ్గర వసూలు చేసిన పదోవంతు ధాన్యం ఇందులో పోశారు, ఆ పేరే నిలిచిపోయింది. కాళ్ల కింద ఇంకో ఊరుంది. గుట్టలో మెలికలు తిరిగిన సొరంగాలు. కొన్నింటిని ఉన్నిలోని జిడ్డు లాగే బంకమట్టి కోసం తవ్వారు. మన చాకళ్లకు చౌడు ఎలాగో ఇక్కడి నేతపనికి ఆ మట్టి అలాగ. గోడల మీద ఎవరెవరో గీసిన గీతలూ పేర్లూ కనిపిస్తాయి. పైన ఎండగా ఉన్నా లోపలికి ఒంటి మీద స్వెటర్ వేసుకునే దిగండి.

ఆ నేతపనివాళ్ల కథ గైడ్లు గబగబా దాటేస్తారు. 1280 ప్రాంతంలో మేయరు గియోమ్ పాంతకోట్ పనివేళను పొడిగించాడు. సాయంత్రం పని ముగిసిందని చెప్పే గంట ఆలస్యంగా మోగింది. కార్మికులు తిరగబడి మేయరును చంపేశారు. అప్పట్లో షాంపేన్‌ను చూసుకుంటున్నది ఇంగ్లండు రాజు తమ్ముడు ఎడ్మండ్. అతను ఊరిని అణచి, దాని హక్కులు కొన్నాళ్లు ఊడబెరికాడు. ఎడ్మండ్ మా గులాబీని ఇంగ్లండు తీసుకెళ్లగా అదే లాంకాస్టర్ వంశపు ఎర్ర గులాబీ అయిందనే కథ మాత్రం ప్రతి దుకాణంలోనూ చెబుతారు. తిబో ప్రభువు క్రూసేడు నుంచి ఆ మొక్క తెచ్చాడనేది ఇంకో కథ. రెండూ వినడానికి బాగుంటాయి. నమ్మదగ్గ సంగతి, ఇక్కడి మందుల తయారీదారులు ఆ రేకులతో ఔషధాలు చేసి అమ్మారన్నది.

తర్వాత సంత పలచబడింది. 1277 నుంచి జెనోవా ఓడలు సముద్రం మీద నేరుగా ఫ్లాండర్స్ వైపు వెళ్లడం మొదలుపెట్టాయి. 1284లో షాంపేన్ వారసురాలు జాన్‌ను ఫ్రాన్స్ యువరాజు పెళ్లాడటంతో ఊరు రాజుగారి చేతిలోకి పోయింది. ఆపైన యుద్ధాలు. సెంట్ కిరియాస్ చర్చిలోకి వెళితే ఆ దెబ్బ రాతిలో కనిపిస్తుంది. పూజా భాగం మహా కట్టడంలా లేస్తుంది, జనం నిలబడే భాగం పొట్టిగా తెగిపోతుంది. డబ్బు అయిపోయింది మరి! పైన ఉన్న గుమ్మటం అగ్నిప్రమాదం తర్వాత 17వ శతాబ్దంలో పెట్టింది. చర్చి గంటలు పక్కనున్న సీజర్ బురుజులో వేలాడుతున్నాయి. ఆ బురుజుకూ సీజరుకూ పేరు తప్ప సంబంధం లేదు, అది 12వ శతాబ్దపు కౌంట్ల కట్టడం.

ఊరు ఇంత పాతగా మిగలడానికి కారణం భక్తి కాదు, బీదతనం. వ్యాపారం సాగి ఉంటే కోటగోడ కూల్చి వీధులు వెడల్పు చేసేవారు. సుమారు 1200 మీటర్ల గోడ నిలిచి ఉందంటే, దాని రాళ్లతో, స్థలంతో ఎవరికీ పెద్దగా పని పడలేదనే. కిందఊరిలో మాత్రం మనుషులు పని చేసుకుంటూ బతికారు, అందుకే అక్కడి కర్రచట్రాల ఇళ్లలో సగం ముఖాలు మారిపోయాయి. 2001లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కించినప్పుడు కోట పేరు కాక, మధ్యయుగ సంతల పట్టణమనే పెట్టారు. అది నాకు నచ్చిన పని.

వస్తే శనివారం పొద్దున్నే రండి. కిందఊరిలో కూరగాయల సంత ఉంటుంది. ముందు అక్కడ తిరిగి, సెంట్ అయూల్ చూసి, పిల్ల కాలువల వెంట నడుచుకుంటూ పైకెక్కండి. గోడ ఎలాగూ ఎక్కడికీ పోదు, కూరగాయలవాళ్లు మధ్యాహ్నానికల్లా సర్దేసుకుంటారు.