తలుపు కీలు: దాని పూర్వోత్తరములు

నేను ఉలి పట్టినవాడను గాను, బడిపంతులను. అయినను పుట్టినది వడ్రంగి యింటనే.

అమరకోశము పురవర్గమున తలుపునకు కవాటమనియు అరరమనియు పేళ్లున్నవి. ఆ పూర్వపు తలుపులలో బెక్కింటికి వేరుగా కీలు లేదు. రెక్క యంచుననే మీదను క్రిందను మొనలు విడిచి, వానిని పైకమ్మి రంధ్రమునను గడప గుంటయందును నిలుపుచుండిరి. పాత రాతి ద్వారబంధములయందు ఆ గుంటలు నేటికిని గానవచ్చును. బరువు గడపయే మోయుటచే మేకు ఊడుట యన్నది లేదు. మొన యరిగినచో మాత్రము రెక్కనంతయు దింపవలసినదే.

పిమ్మట మనువు ఇనుమును మయుని కొయ్యయు గూడి బందులైనవి. మన హైదరాబాదు ప్రాంతమున వీనిని కబ్జాలందురు. అది ఉరుదూ మాట. పట్టు అని యర్థము.

దాగుడు కీలు ఐరోపా వారిది. ఆస్ట్రియాలో యూలియస్ బ్లుమ్ 1952లో గుఱ్ఱపు లాడములకు దిగగొట్టు చీలలతో కర్మశాల నారంభించెను. ఆ కర్మశాలయే నేడు ఈ కీళ్లకు లోకప్రసిద్ధము. కమ్మరిపనికి ఇంతకన్న గౌరవమేమి? చెక్కపొడి బల్ల యంచున మర నిలువదు. కావున రెక్క లోపలి ముఖమున 35 మిల్లీమీటరుల గుండ్రని గుంట తొలిచి గిన్నెను దిగవేయుదురు. గుంట లోతు సుమారు 12. రెక్క మందము 16కు తగ్గినచో పైముఖమునకు ముప్పు.

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెఱచిన పిదప కొత్వాల్‌గూడ చుట్టుపట్ల ఇండ్లు పెరిగినవి. కారఖానాలో సిద్ధమైన బీరువాలును వచ్చినవి. చేతిపని నిలుచుట యిప్పుడు ఎంపికను బట్టియే యున్నది. పక్కచెక్కను పూర్తిగా గప్పు తలుపునకు తిన్నని చేయి, సగము గప్పుదానికి కొంత వంపు, గూటిలో నిమిడినదానికి పెద్ద వంపు గల కీలు కావలెను. కొందఱు ఒక్క రకమే కొని అన్నిటికిని బిగించుచున్నారు. అది పనికే మచ్చ.

టేకు పలక వానకాలమున అడ్డముగా నుబ్బును. చట్రములో పలకను వదులుగా నుంచి, కీలును నిలువుకమ్మికే వేయవలెను. గిన్నెకును అంచునకును నడుమ 3 మొదలు 6 వఱకు విడువవలెను గనుక ఆ కమ్మి 60 మిల్లీమీటరులకు సన్నగిల్లరాదని నా మతము. గూటి తలుపు రాచుకొన్నచో బందులనాడు చిత్రిక పట్టిరి. ఇప్పుడు మర త్రిప్పిన చాలును. చెక్కడపు బరువు రెక్కలకు మాత్రము ఇత్తడి బందులే మేలు. 900 మిల్లీమీటరుల యెత్తు వఱకు రెండు కీళ్లు, అంతకు మించినచో మూడు.