పొగాకు పదును: మా యానాం వైపు ఒక మాట

మా మేనల్లుడు ఈమధ్య ఒక చెక్కపెట్టె కొన్నాడు. లోపల స్పానిష్ సెడార్ పలకలు, మూతకి తేమ చూపించే చిన్న మీటరు. "హ్యూమిడార్ అంటారు మావయ్యా. సిగార్లు ఇందులో పెడితే ఏళ్ల తరబడి మాగుతాయంట. తేమ మాత్రం 65కీ 70కీ మధ్య ఉండాలి" అన్నాడు. తర్వాత, "దీన్ని తెలుగులో ఏమనాలండీ?" అని అడిగాడు.

పెట్టెకి మన దగ్గర పేరు లేదు. కానీ ఆ పెట్టె చేసే పనికి మా యానాం, గోదావరి లంకల వైపు మాట ఉంది: పదును. పదును అనగానే ఇప్పటివాళ్లకి కత్తి గుర్తొస్తుంది. మా వైపు రైతు "నేల పదునుమీద ఉంది" అంటే, వాన పడి, బురద కాకుండా, గట్టిపడకుండా నాగలికి సరిగ్గా లొంగే నేల అని అర్థం. పొగాకుకీ అదే మాట. ఆకు చేతిలో నలగకూడదు, చెమ్మెక్కి అంటుకోకూడదు. ఆ రెండింటి మధ్య ఉన్నదే పదును.

గోదావరి వరద తెచ్చిన ఒండ్రుమట్టి మీద పండేది లంక పొగాకు. సిగరెట్టు ఆకులా కాదు, దళసరి, ఘాటు. చుట్టకి పుట్టిన ఆకు. దాన్ని తోరణాలు కట్టి పందిళ్ల కింద ఆరబెడతారు. ఆరిన ఆకుని ఒకదాని మీద ఒకటి పేర్చి మండె కడతారు. మండెలో వేడి పుడుతుంది, పచ్చివాసన పోతుంది, రంగు ముదురుతుంది. లోపలి ఆకు పైకి, పైఆకు లోపలికి వచ్చేలా మండె తిరగేస్తారు. దీన్నే మాగబెట్టడం అంటారు. మామిడికాయ గడ్డిలో మాగినా, ఆకు మండెలో మాగినా మనకి ఒకటే మాట. ఈ పనంతా తెల్లారకముందే. మంచు తగిలి ఆకు పదునుకి వస్తుంది. పొద్దెక్కితే పెళుసెక్కి పొడైపోతుంది.

ఈ ఆకు సముద్రం కూడా దాటింది. యానాం పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1839 తుపాను దాన్ని దెబ్బతీశాక వ్యాపారం కాకినాడకి జరిగింది. ఆ రేవు నుంచి లంక పొగాకు బర్మాకి వెళ్లి అక్కడ చుట్టలయ్యేది. బర్మా వెళ్లిన మన తెలుగు కూలీలని ఇంగ్లీషువాళ్లు కోరంగీలు అన్నారు. ఊరు పాడైనా పేరు మనుషుల మీద మిగిలింది. ఇంగ్లీషులోకి వెళ్లిన 'చెరూట్' కూడా మన ఇంటి మాటే: తమిళంలో సురుట్టు, మనకి చుట్ట. రెండింటికీ మూలం చుట్టడమే.

నాకు పదును విలువ తెలిసింది బ్యాంకులో. పొగాకు నిల్వ తాకట్టు మీద అప్పులిచ్చే రోజుల్లో గోదాము తనిఖీకి వెళ్లేవాణ్ణి. బేళ్లు లెక్కపెట్టి, తూకం రాసుకుని సంతకం పెట్టేవాణ్ణి. ఒకసారి అక్కడి మేస్త్రీ ఒక ఆకు తీసి నా చేతిలో పెట్టి, "ఆయ్, ఈనె వంచి చూడండి బాబూ" అన్నాడు. వంచాను. చప్పుడు రాలేదు. "విరగలేదు కదండీ. చెమ్మ ఎక్కువుంది. తూకం బాగానే వస్తాది, నెల్లాళ్లలో లోపల నల్లబడిపోద్ది" అన్నాడు. నేను రాసుకున్న బరువులో కొంత నీళ్లే. మా రిజిస్టరులో బరువుకి గడి ఉంది, ధరకి గడి ఉంది, తరుగుకి కూడా ఉంది. పదునుకి లేదు. బీకాంలో సరుకు విలువ కట్టడం నేర్పారు గానీ ఈనె వంచడం నేర్పలేదు.

మేనల్లుడి పెట్టె చలిదేశాల అవసరానికి పుట్టింది. అక్కడి గది గాలి పొడి, కాబట్టి పెట్టె తేమనివ్వాలి. మన సముద్రపు ఒడ్డున కథ తిరగబడుతుంది. వానాకాలంలో అతని మీటరు 78 చూపించింది. అలా వదిలేస్తే బూజు; వేడి కూడా తోడైతే ఆకులో గుడ్లు పగిలి పురుగు. మా తాతయ్య వానాకాలంలో చుట్టల బుట్టని పొయ్యి పైన అటకమీద పెట్టేవారు, ఎండాకాలంలో మూతడబ్బాలో వేసి నీళ్లకుండల పక్కకి దించేవారు. మీటరు లేదు. పొద్దున్నే ఒక చుట్ట చెవి దగ్గర పెట్టి మెల్లగా నొక్కేవారు. చిటపటమంటే ఎండింది, మెత్తగా దిగితే చెమ్మెక్కింది.

అదే తాతయ్య దవడలో పుండుతో పోయారు. చివరి నెలల్లో గంజి కూడా మింగలేకపోయారు. ఆయన తర్వాత మా ఇంట్లో ఎవరూ చుట్ట ముట్టలేదు, అది మంచికే. మేనల్లుడికీ మానెయ్యమనే చెప్పాను. కానీ చుట్టతో పాటు ఆ మాటలు కూడా ఇంట్లోంచి వెళ్లిపోయాయి. మా అబ్బాయికి మండె తెలీదు, తోరణం అంటే మామిడాకులే.

అలవాటు పోవాలి, మాట పోనక్కర్లేదు. బరంపురంలో, హోసూరులో, బళ్లారిలో, షోలాపూరులో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఈ పదునుని ఏమనేవారో పెద్దవాళ్లని అడిగి రాసిపెట్టండి. అడగడానికి వాళ్లు ఉండగానే అడగండి.